మన ఎండకీ మన కరెంటుకీ తట్టుకునే ల్యాప్‌టాప్

(విజయవాడ గవర్నర్‌పేటలో విద్యార్థులు, తల్లిదండ్రులు, చిన్న వ్యాపారుల ముందు చేసిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలు. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. కౌన్సెలింగులు అయిపోయి కాలేజీలు తెరిచే రోజులివి. ఇక్కడ ఏలూరు రోడ్డులోనూ, అటు గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ ల్యాప్‌టాప్ దుకాణాలు కిటకిటలాడే కాలం. దుకాణంలో అడుగుపెట్టగానే మొదట చెవిన పడేది ల్యాప్‌టాప్‌కి మెదడులాంటి చిప్పు, ప్రాసెసర్ పేరు. ఐ ఫైవ్ అండీ, ఐ సెవెన్ అండీ, పదమూడో జనరేషన్ అండీ అంటారు. ఇవాళ నేను ఆ వరస తిరగేసి చెబుతాను. ప్రాసెసర్ గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ఎందుకంటే, రోజువారీ పనికి కొన్న ల్యాప్‌టాప్ ప్రాసెసర్ చాలక మూలన పడటం చాలా అరుదు. స్క్రీన్‌ని తెరిచి మూసే హింజ్ విరిగి పడుతుంది. బ్యాటరీ ఉబ్బి పడుతుంది. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని, వేడెక్కి, లోపలి అసలు బోర్డు, అంటే మదర్‌బోర్డు మీదికి వస్తుంది. పని జరుగుతున్నప్పుడు వాడుకునే మెమరీ, అంటే ర్యామ్, పెంచుదామంటే అది బోర్డు మీదే అతికించి ఉంటుంది, పెంచే దారి ఉండదు. కాబట్టి ఏది ముందు పాడవుతుందో దాన్ని ముందు చూసి కొనాలి. మిగతాదంతా దాని తర్వాతే.

రోజువారీ పని అంటే ఏమిటో కూడా ముందే అనుకుందాం. బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు, వర్డ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, ట్యాలీ, జీఎస్‌టీ రిటర్నులు, ఇంజనీరింగ్ పిల్లలైతే సీ, జావా, పైథాన్ ప్రోగ్రాములు. వీటిలో దేనికీ విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్, గేములు ఉంటే ఆ లెక్క వేరు, ఇవాళ దాని జోలికి వెళ్లను. సీఎస్‌ఈలో చేరాడు కదా అని గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చేస్తుంటారు. రెండు కిలోల పైన బరువు, దానికి తోడు ఇటుకంత చార్జరు, క్లాసులో రెండు మూడు గంటలకే బ్యాటరీ అయిపోవడం. ఆ డబ్బుతో గట్టి బాడీ, మూడేళ్ల వారంటీ వచ్చేవి.

సరే, హింజ్ దగ్గర మొదలుపెడదాం. స్క్రీన్ తెరిచి మూసేచోట రెండు వైపులా ఇనప హింజులుంటాయి. వాటిని పట్టి ఉంచే స్క్రూలు ఎక్కడ బిగుస్తాయో కొనేవాళ్లు చూడరు, కనపడదు కూడా. తక్కువ రకం బాడీల్లో అవి ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి గుబ్బల్లో బిగుస్తాయి. హింజ్ బిగుతుగా ఉన్నప్పుడు, మూత తెరిచిన ప్రతిసారీ ఆ ఇత్తడి గుబ్బను ప్లాస్టిక్‌లోంచి కొంచెం కొంచెంగా పైకి లాగుతుంది. ఏడాదికో రెండేళ్లకో ప్లాస్టిక్ చిట్లుతుంది. మూల దగ్గర స్క్రీన్ చుట్టూ ఉన్న పట్టీ విడిపోతుంది, టక్కుమని చప్పుడు వస్తుంది. అక్కడే ఆపేసి రిపేరుకిస్తే ప్యానెల్ మార్చడంతో పోతుంది. ఇంకా తెరుస్తూ మూస్తూ ఉంటే ఆ హింజే స్క్రీన్‌కి వెళ్లే కేబుల్‌ని నలిపేస్తుంది, డిస్‌ప్లే కూడా పోతుంది. ఇలా విరిగినదాన్ని చాలా కంపెనీలు వాడకంలో జరిగిన దెబ్బ కింద రాస్తాయి, వారంటీలోకి తీసుకోవు.

దుకాణంలో డెమో పీస్ ఉంటుంది కదా, దాన్ని మూత మధ్యలో పట్టుకుని నెమ్మదిగా ఐదారుసార్లు తెరిచి మూయండి. తెరిచేటప్పుడు రెండు మూలల్లో పట్టీకీ స్క్రీన్‌కీ మధ్య సందు వస్తోందా చూడండి. కీబోర్డు కింది భాగం మొత్తం బల్ల మీంచి లేచిపోతోందంటే హింజ్ మరీ బిగుతుగా ఉందన్నమాట. బల్లను చేత్తో తట్టండి, స్క్రీన్ ఒకటి రెండు ఊపుల్లో నిలబడాలి. తర్వాత మూసిన ల్యాప్‌టాప్‌ని ముందు మూలన ఒక్క చేత్తో పట్టుకుని ఎత్తండి. కిర్రుమంటే, వంగితే ఆలోచించుకోండి. పై మూత అల్యూమినియమని గొప్పగా చెబుతారు. మనం అడగాల్సింది కీబోర్డు చుట్టూ ఉన్న ప్యానెల్ దేంతో చేశారని. హింజ్ స్క్రూలు లోహంలో బిగిస్తే బతుకుతాయి. ఇంటికి తెచ్చాక కూడా ఒక మూల పట్టుకుని తెరిచే అలవాటు మానండి, మధ్యలో పట్టుకోండి. ఒక మూల లాగితే బరువంతా ఒక్క హింజ్ మీదే పడుతుంది.

డబ్బా మీద మిలిటరీ గ్రేడ్ అని, 810హెచ్ అని రాసి ఉంటుంది. అమెరికా సైన్యం ఆ ల్యాప్‌టాప్‌ని పరీక్షించి ముద్ర వేసిందని అనుకోవద్దు. 810హెచ్ అనేది ఆ సైన్యపు ప్రమాణం పేరు, అందులో ఉన్న పరీక్షల్లో కొన్నింటిని కంపెనీ తనే చేయించుకుని రాసుకుంటుంది. ఏయే పరీక్షలు చేశారో వెబ్‌సైట్‌లో రాసి ఉంటే చదవండి, లేకపోతే ఆ మాటకు అదనంగా డబ్బులు పెట్టకండి.

ఇప్పుడు ఎండ సంగతి. ల్యాప్‌టాప్‌తో వచ్చే పుస్తకంలో, పని చేయించదగ్గ వాతావరణం మామూలుగా 35 డిగ్రీల దాకా అని ఉంటుంది. మే నెలలో బెజవాడ 40 దాటుతుంది, కొన్నిరోజులు 45 కూడా తాకుతుంది. రెంటచింతల మాట చెప్పనే అక్కర్లేదు. అంటే మధ్యాహ్నం ఏసీ లేని గదిలో వాడుతున్నామంటే, తయారుచేసినవాళ్లు అనుకున్న హద్దు దాటి వాడుతున్నట్టే. లోపల ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనం వైరస్ వచ్చిందేమో అనుకుంటాం. వైరస్ కాదు, గాలి ఆడటం లేదు.

గాలి ఎక్కడినుంచి వెళుతుంది? చాలావాటిలో అడుగున ఉన్న చిల్లుల్లోంచి లోపలికి పోయి, హింజ్ దగ్గరి సందుల్లోంచో పక్కనుంచో బయటికి వస్తుంది. మంచం మీద, దిండు మీద, ఒళ్లో దుప్పటి మీద పెడితే అడుగు మూసుకుపోతుంది. ఒక చెక్క అట్టయినా కింద పెట్టండి. వెనక రబ్బరు కాళ్ల కింద రెండు సీసా మూతలంత ఎత్తు ఇచ్చినా తేడా కనిపిస్తుంది.

రెండోది దుమ్ము. ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివర ఉన్న సన్నటి రేకులకీ మధ్య దుమ్మూ, బట్టల నూగూ, వెంట్రుకలూ కలిసి చాపలా అల్లుకుంటాయి. బయటి నుంచి ఎంత ఊదినా ఆ చాప కదలదు, ఊదితే ఇంకా లోపలికి నొక్కుకుంటుంది. కింది మూత విప్పి, ఫ్యాన్ తీసి, ఆ పొరను బ్రష్‌తో తీయాలి. రోడ్డు పక్క ఇళ్లలో, మిర్చి యార్డు, జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల షాపుల్లో ఏడాదికోసారి, మామూలు ఇళ్లలో రెండేళ్లకోసారి చేయించాలి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోమని చెప్పండి, అతివేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. అదే చేత్తో ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడిని లాగే థర్మల్ పేస్టు మార్పించుకోవచ్చు. కాబట్టి కొనేముందే ల్యాప్‌టాప్‌ని తిరగేసి చూడండి. కింది మూత మామూలు స్టార్ స్క్రూలతో ఉందా, రబ్బరు కాళ్ల కింద దాచిన స్క్రూలతో ఉందా? మామూలు స్క్రూలుంటే ప్రతిసారీ తేలిగ్గా విప్పుతారు. అతికించిన రబ్బరు పీకి విప్పాల్సి వస్తే రెండోసారికి ఆ రబ్బరు నిలవదు.

కరెంటు విషయానికి వస్తే, ల్యాప్‌టాప్ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి, కాబట్టి లో వోల్టేజీతో పెద్ద భయం లేదు. భయం, పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకడంతోనూ, పిడుగులతోనూ. గాలివాన మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకాలి. ఇన్వర్టర్ మీద వాడేవాళ్లు అది ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో చూసుకోండి. స్క్వేర్ వేవ్ రకమైతే అడాప్టర్ గుర్రుమంటుంది, ఎక్కువ వేడెక్కుతుంది.

అల్యూమినియం బాడీ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుందని చాలామంది చెబుతారు. పీస్ తేడా అనుకుని దుకాణానికి పట్టుకెళ్తారు. చాలావరకు అది ల్యాప్‌టాప్ తప్పు కాదు, ఎర్త్ తప్పు. అడాప్టర్ లోపల కరెంటులో వచ్చే అలజడి తగ్గించడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ల గుండా కొంచెం కరెంటు బాడీ మీదికి వస్తుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే మీ చేతిలోకి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి వాడొద్దు. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, అందులో రెండు బిందెల నీళ్లు పోయండి. అయినా తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి.

చార్జరు పాడైతే రోడ్డు మీద దొరికే నకిలీది కొనకండి. పాతదాని మీద రాసి ఉన్న వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, వాట్లు అంతకు తగ్గకూడదు. ఉదాహరణకు కొన్ని 65 వాట్ల చార్జర్ల మీద 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటుంది. డెల్, హెచ్‌పీల గుండ్రటి పిన్నులో మధ్యన సన్నటి సూది ఉంటుంది. చార్జరు తమదేనా అని ల్యాప్‌టాప్ దానిద్వారా తెలుసుకుంటుంది. నకిలీది పెడితే సిస్టమ్ నడుస్తుంది కానీ బ్యాటరీ చార్జ్ అవదు, వేగం కూడా తగ్గిపోతుంది. ఇక కొత్తగా కొనేవాళ్లకు నా సలహా, టైప్-సి పోర్టులోంచి కూడా చార్జ్ అయ్యేదాన్ని ఎంచుకోండి. గుండ్రటి పిన్ను సాకెట్ వదులైనా రెండో దారి ఉంటుంది. అన్ని టైప్-సి పోర్టులూ చార్జింగ్ తీసుకోవు, స్పెసిఫికేషన్ కాగితంలో పవర్ డెలివరీ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ చార్జరు చాలావరకు దీనికి పనికిరాదు. అది ఆ ఫోన్‌కే తగిన పద్ధతిలో కరెంటు ఇస్తుంది.

బ్యాటరీని గంటల్లో అడగకండి, వాట్ అవర్లలో అడగండి. చిన్న పనులు చేస్తున్నప్పుడు మొత్తం ల్యాప్‌టాప్ సుమారు 8 నుంచి 10 వాట్లు తింటుంది. 42 వాట్ అవర్ల బ్యాటరీ అయితే నాలుగైదు గంటలు, 57 అయితే ఆరు గంటల చిల్లర. ఎవరికి వారు భాగహారం చేసుకోవచ్చు. కంపెనీ చెప్పే 10, 12 గంటలు వెలుతురు బాగా తగ్గించి కొలిచే లెక్కలు.

లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు, వేడి ఒకటి, ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండటం ఒకటి. షాపులో రోజంతా చార్జింగ్‌లో పెట్టి వాడేవాళ్లకి ఈ రెండూ కలిసి వస్తాయి. అందుకే 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపేసే సెట్టింగు ఉన్నదాన్ని కొనండి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, అసుస్‌లో మైఅసుస్‌లో బ్యాటరీ కేర్, డెల్, హెచ్‌పీ మోడళ్లు చాలావాటిలో విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర, అంటే బయోస్‌లోనే ఉంటుంది. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదనో, ఒక పక్క పైకి లేచిందనో అనిపిస్తే అది టచ్‌ప్యాడ్ జబ్బు కాకపోవచ్చు, కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే ఆఫ్ చేసి, చార్జరు తీసేయండి. నొక్కి సర్దడం, సూదితో గుచ్చడం ప్రాణాపాయం.

ఇప్పుడు ర్యామ్. విండోస్ 11 ఏ పనీ లేకుండా ఉన్నప్పుడే మూడు నాలుగు జీబీ తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కూడా అందులోంచే కొంత పక్కకు పెట్టుకుంటుంది. 8 జీబీలో మిగిలేది బ్రౌజర్‌కే చాలదు. 16 ఉండాలి. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే 8 జీబీది తీసుకోవచ్చు, కానీ ఖాళీ స్లాట్ ఉండి తీరాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, తర్వాత వేయించుకుంటే ఎంతవుతుందో ఇప్పుడే అడిగి, 16 జీబీ మోడల్ ధరతో పోల్చుకోండి. స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్ అని మొదలైతే అది బోర్డు మీద అతికించినదే అనుకోండి, మార్చలేరు. డెమో పీస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని కనిపిస్తుంది. దాని కిందే ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించినదన్నమాట, సోడిమ్ అని ఉంటే తీసి మార్చుకోదగ్గది. అతికించిన 8 జీబీ, స్లాట్ లేదు. అలాంటిది ఎంత చవకైనా వదిలేయండి. మూడేళ్లు వాడాల్సినదాన్ని మొదటి రోజే చాలనిదిగా కొన్నట్టవుతుంది.

ఫైళ్లు దాచే స్టోరేజీకి 512 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు, సరిపోతుంది. విండోస్‌లో 476 జీబీ అని చూపిస్తుంది, అది లెక్క కట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు. ఈఎంఎంసీ అని రాసి ఉంటే మాత్రం తీసుకోకండి, ఫోన్లలో పెట్టే నెమ్మది రకం అది, బోర్డు మీదే అతికి ఉంటుంది. పాత హార్డ్‌డిస్కు పోయేముందు టిక్కు టిక్కుమని చెప్పేది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండా పోతుంది. నిన్న సాయంత్రం బాగుంది, ఇవాళ పొద్దున డిస్కే కనపడదు. ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట కూడా ఉండాలి.

ప్రాసెసర్ చివరికి పెట్టాను కానీ, ఇందులో పేర్ల మాయ ఒకటుంది, అది తెలియాలి. ఇంటెల్‌లో చివరి అక్షరం చూడండి. యూ అంటే 15 వాట్ల రకం, చల్లగా నడుస్తుంది, మన పనికి అదే మేలు. హెచ్ అంటే 45 వాట్ల రకం, వేగం ఎక్కువ, వేడీ ఫ్యాన్ చప్పుడూ ఎక్కువ. ఐ త్రీ 1215యూ అయినా ఇంటి పనికి, ట్యాలీకి హాయిగా సరిపోతుంది. ఐ ఫైవ్ 1235యూ, 1335యూ అయితే నాలుగైదేళ్లకు ఢోకా లేదు. 2024 నుంచి కోర్ 5 120యూ, కోర్ 7 150యూ అని పేర్లు మార్చారు. లోపల ఉన్నది దాదాపు పదమూడో జనరేషన్ సరుకే. చెడ్డది కాదు, కొత్త పేరుకు ఎక్కువ ఇవ్వకండి, అంతే.

ఏఎండీలో అంకెలు ఇంకా జాగ్రత్తగా చదవాలి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. ఒకే ఒక్క అంకె తేడా. ఈ 7000 వరసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 2 అంటే 2019లో వచ్చిన జెన్ 2, 3 అంటే 2020లో వచ్చిన జెన్ 3, 4 అంటే 2022లో వచ్చిన జెన్ 4. 7520యూలో కోర్లు, అంటే లోపల లెక్కలు చేసే భాగాలు, నాలుగు, ర్యామ్ అతికించినదే. 7530యూలో కోర్లు ఆరు, స్లాట్లు ఉన్న మోడళ్లు దొరుకుతాయి. దుకాణంలో రెండింటినీ రైజెన్ ఫైవ్ ఏడువేల సిరీస్ అనే చెబుతారు. పూర్తి నంబరు కాగితం మీద రాయించుకోండి. ఇక రెండు కోర్ల సెలెరాన్ ఎన్4500 లాంటివి ఏ ధరకూ వద్దు.

స్క్రీన్ గురించి రెండు మాటలు. ఫుల్ హెచ్‌డీ, పక్కనుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ రకం, మెరుపు లేని మ్యాట్ తెర, 300 నిట్స్ వెలుతురు ఉండాలి. చవక మోడళ్లలో టీఎన్ రకం ప్యానెల్ ఉంటుంది, కొంచెం పక్కకు జరిగితే రంగులు తిరగబడతాయి. తెల్ల పేజీ తెరిచి, కింది నుంచీ పక్క నుంచీ చూస్తే తెలిసిపోతుంది.

విండోస్ లేని మోడళ్లు కొన్ని వేలు తక్కువకు అమ్ముతారు, వాటిని డాస్ మోడళ్లు అంటారు. దుకాణంలోనే విండోస్ వేసిస్తాం అంటారు. లైసెన్సు కొని వేస్తే మంచిదే. లైసెన్సు లేకున్నా ఉన్నట్టు చూపించే యాక్టివేటర్ పెట్టి వేస్తే మాత్రం వద్దు. ఆ యాక్టివేటర్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపాలి, దాంతోపాటు ఏం లోపలికి వచ్చిందో ఎవరికీ తెలియదు. అదే సిస్టమ్‌లో మీరు బ్యాంకు లావాదేవీలు చేస్తారు, జీఎస్‌టీ పోర్టల్ తెరుస్తారు. ఆఫీస్ కూడా ఉందంటారు, అది శాశ్వతమా, ఏడాది చందానా, నెల ట్రయలా అని బిల్లు ఇచ్చేముందే అడగండి.

వారంటీలో ఆన్‌సైట్ అంటే ఇంజనీరు మీ ఇంటికి వస్తాడు, క్యారీ ఇన్ అంటే మీరే మోసుకెళ్లాలి. విజయవాడ, గుంటూరుల్లో ఉన్నవాళ్లకి పెద్ద తేడా అనిపించదు. మీది రేపల్లో, మాచర్లో, తిరువూరో అయితే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి, ఆన్‌సైట్ అక్కడికి ఉందా, దగ్గరి సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో చూడండి. కొన్ని బ్రాండ్లకు హైదరాబాద్ దాకా వెళ్లాల్సి రావచ్చు. మదర్‌బోర్డు పోతే కొత్తదానికి ల్యాప్‌టాప్ ధరలో పెద్ద వాటా అవుతుంది, అందుకే మూడేళ్లకు పొడిగించుకోమంటాను. నీళ్లు పడటం, స్క్రీన్ పగలడం మామూలు వారంటీలో రావు, యాక్సిడెంటల్ డ్యామేజ్ అని విడిగా తీసుకోవాలి. బ్యాటరీకి చాలా కంపెనీలు ఏడాదే ఇస్తాయి, మిగతాదానికి మూడేళ్లు ఉన్నా సరే.

బిల్లు మీద మీ పేరు, సీరియల్ నంబరు, 18 శాతం జీఎస్‌టీ ఉండాలి. వ్యాపారులైతే మీ జీఎస్‌టీ నంబరు వేయించుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. డబ్బా మీద, ల్యాప్‌టాప్ అడుగున, బయోస్‌లో మూడుచోట్లా సీరియల్ నంబరు ఒకటే ఉండాలి. ఆ నంబరును అక్కడే ఫోన్‌లో కంపెనీ సైట్‌లో కొట్టండి, వారంటీ ఏ తేదీన మొదలైందో కనపడుతుంది. నెలల ముందే మొదలైపోయి ఉంటే బిల్లు పంపి తేదీ దిద్దించుకోవచ్చు. దుకాణదారు, కంపెనీ ఇద్దరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మాకు 25 వేలే బడ్జెట్ సార్. సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చమ్మా. ఆ ధరలో కొత్తగా వచ్చే నాసిరకం కంటే, కార్పొరేట్ ఆఫీసులు వాడి తీసేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ మేలు. వాటి హింజులు లోహపు చట్రానికి బిగించి ఉంటాయి, కీబోర్డు, బ్యాటరీ లాంటి విడిభాగాలూ దొరుకుతాయి. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, ఆపైది ఉండాలి. ఏడో జనరేషన్ ఎంత మెరిసిపోతున్నా వద్దు.

కొనేముందు బయోస్‌లోకి వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే పక్కన పెట్టేయండి. తర్వాత విండోస్‌ని రీసెట్ చేయించి, వైఫై కలిపి, మొదటి సెటప్ మీ ముందే చేయించండి. ఏదో కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తే ఆ ల్యాప్‌టాప్ ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉంది. నెట్ లేకుండా సెటప్ చేస్తే ఆ సంగతి బయటపడదు. బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ అనే మాటకు సీ, ఎఫ్, జీ తగిలించి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు నిండేది ఎంత, రెండూ ఉంటాయి. 50లో 30 మాత్రమే నిండుతుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. ఎస్‌ఎస్‌డీ కోసం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం, హెల్త్ శాతం, ఎన్ని గంటలు నడిచిందీ చూపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లోనూ ఇది చూడొచ్చు. సీలు విప్పిన కొత్త పీస్‌లో గంటలు వందల్లో ఉంటే అది కొత్తది కాదు.

ప్రశ్న: మాది డీటీపీ అండీ. అచ్చుకు పేజీలు కట్టే పని, తెలుగు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేస్తాం. మ్యాక్‌బుక్ బాగా మన్నుతుందంటున్నారు.

మన్నుతుంది, నిజమే. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు కాబట్టి దుమ్ము గొడవ లేదు, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. కానీ మీ అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ ప్రోగ్రాం. ట్యాలీ కూడా అంతే. మీకు విండోసే కావాలి. ఇంకో జాగ్రత్త చెబుతాను. ఇప్పుడు స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. చల్లగా నడుస్తాయి, బ్యాటరీ చాలాసేపు వస్తుంది. కానీ పాత ప్రింటర్లు, బిల్లు ప్రింటర్లు, డిజిటల్ సంతకం టోకెన్లు వీటికి ఆ ప్రాసెసర్ కోసమే రాసిన డ్రైవర్లు కావాలి. అవి లేకపోతే పరికరం పనిచేయదు. డీటీపీ వాళ్లు, ఆడిటర్లు, టెండర్లు వేసే కాంట్రాక్టర్లు ఇంటెల్ లేదా ఏఎండీ తీసుకోండి. మామూలు వెడల్పాటి యూఎస్‌బీ పోర్టులు కనీసం రెండు ఉండేలా చూసుకోండి, టోకెన్‌కి ఒకటి, ప్రింటర్‌కి ఒకటి.

ప్రశ్న: కొని ఇంటికి తెచ్చిన మొదటి రోజు ఏం చేయాలి?

పెన్‌డ్రైవ్ తీసుకుని ప్రతి పోర్టులో పెట్టి చూడండి. కెమెరా, మైకు, స్పీకర్లు చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచి కీబోర్డులో ప్రతి మీటా నొక్కండి. స్క్రీన్ మీద నల్ల, తెల్ల, ఎర్ర బొమ్మలు నిండుగా పెట్టి వెలగని చుక్కలున్నాయేమో చూడండి. ఏ తేడా ఉన్నా మార్చి ఇచ్చే గడువు మొదటి కొద్దిరోజులే, ఆ తర్వాత రిపేరే తప్ప మార్పు ఉండదు. డబ్బా పారేయకండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, యాక్టివేషన్ తెరిచి విండోస్ యాక్టివ్ అని ఉందో చూడండి. 80 శాతం చార్జింగ్ హద్దు పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, విండోస్ 11 కొత్త సిస్టమ్‌లలో మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్క్ మొత్తాన్ని తనంతట తానే తాళం వేస్తుంది. బిట్‌లాకర్ అంటారు. రేపు మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ అయినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు మీకూ రావు, సర్వీస్ సెంటర్‌కీ రావు, ఎవరికీ రావు. దుకాణంలో వాళ్ల మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చేస్తుంటారు, అప్పుడు మీ కీ వాళ్ల ఖాతాలో ఉంటుంది. అందుకే మొదటి సెటప్ మీ సొంత మెయిల్‌తో, మీ చేతులతో చేయండి. తర్వాత ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైజెస్‌లోకి వెళ్లి, ఆ 48 అంకెలను కాగితం మీద రాసి బిల్లుతో కలిపి బీరువాలో పెట్టండి.